మన ఎండకు, మన లోడుకు, మన రోడ్డుకు ఏ టైరు?

విజయవాడ ఆటోనగర్‌లోనైనా, గుంటూరు ఆటోనగర్‌లోనైనా టైర్ల షాపు మెట్లెక్కగానే వినపడే మొదటి మాట “ఏ కంపెనీ వెయ్యమంటారు సార్?” అనే. నిజానికి అది ఆఖర్న తేల్చుకోవాల్సిన సంగతి. బండి మీద ఎంత బరువు పడుతుంది, రోజుకు ఎంత దూరం తిరుగుతుంది, ఎంత వేగంతో, ఏ ఎండలో, ఏ నేల మీద? ఇవి తేలితే సైజు, రకం, గాలి లెక్క వరసగా తేలిపోతాయి. ఇవి తేల్చుకోకుండా ఎంత పేరున్న టైరు బిగించినా ఏడాది తిరక్కముందే అంచులు కొరికేసినట్టు అరిగిపోవచ్చు.

ముందుగా ఒక మూలసూత్రం. బండి బరువు మోసేది టైరులోని గాలి. ఆ గాలిని చెదిరిపోకుండా బిగపట్టి ఉంచడం, రోడ్డును పట్టుకోవడం రబ్బరు, నైలాన్ దారం, ఉక్కు తీగల పని. ఎక్కువ బరువు మొయ్యాలంటే ఎక్కువ గాలి పట్టే పెద్ద టైరు కావాలి, లేదా ఎక్కువ ఒత్తిడికి తట్టుకునే గట్టి టైరు కావాలి. టైరు మీది అంకెలు, మే నెలలో హైవే మీద పేలుళ్లు, ట్రాక్టర్ పెద్ద టైరుకు పొలంలో 12, 14 పాయింట్ల గాలే ఎందుకు సరిపోతుందన్న అనుమానం, అన్నీ ఈ సూత్రంతోనే విడిపోతాయి. గాలి మిషన్ దగ్గర మనం ‘పాయింట్లు’ అనేది పీఎస్‌ఐనే. ఇక్కడా ఆ మాటే వాడుతున్నాం.

పక్కగోడ మీది రాత

టైరు పక్కన 185/65 ఆర్15 88హెచ్ అని ఉందనుకోండి. 185 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 65 అంటే పక్కగోడ ఎత్తు, వెడల్పులో 65 శాతం. ఆర్ అంటే రేడియల్, లోపలి దారాలు ఒక అంచు నుంచి రెండో అంచుకు నేరుగా పరిచిన రకం. 15 రిమ్ము సైజు, అంగుళాల్లో. ఇంతవరకు చాలామందికి తెలుసు. షాపులో ఎవరూ పట్టించుకోనిది ఆ చివరి 88హెచ్.

88 అనేది లోడ్ ఇండెక్స్. అది కేజీల లెక్క కాదు, పట్టికలో వరస నంబరు. 88 అంటే ఒక టైరు గరిష్ఠంగా 560 కేజీలు మోస్తుంది. 82 అయితే 475, 84 అయితే 500, 91 అయితే 615 కేజీలు. బండితో వచ్చిన టైరు మీద ఏ నంబరుందో అంతకు తగ్గకూడదు, పెరిగితే ఫర్వాలేదు. “సైజు అదే సార్, రేటు కొంచెం తక్కువ” అని చూపించే టైరులో తగ్గేది చాలాసార్లు ఈ నంబరే.

హెచ్ అనేది వేగం గుర్తు. ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్లు, టీ అంటే 190, హెచ్ అంటే 210, వీ అంటే 240. నాలుగు వరసల హైవే మీద కార్లకు గరిష్ఠ వేగం 100 అయినప్పుడు 210 మనకెందుకని అనిపిస్తుంది. అసలు కిటుకు ఇక్కడే ఉంది. పరీక్షలో టైరును డ్రమ్ము మీద లోడుతో అంత వేగంగా తిప్పినప్పుడు దాన్ని చంపేది వేడి. కాబట్టి వేగం గుర్తు పెద్దదైతే వేడికి ఓర్చుకునే శక్తీ పెద్దదే. మే నెల మిట్టమధ్యాహ్నం ఐదుగురితో, డిక్కీ నిండా సామానుతో హైదరాబాద్ బయల్దేరే కారుకు పనికొచ్చేది ఆ శక్తే. హెచ్ ఉన్న చోట టీ వేసి రెండొందలు మిగుల్చుకోవడం మన వాతావరణంలో తెలివైన బేరం కాదు.

సైజు మార్చాలనుకునేవాళ్లు ఒక లెక్క వేసుకోవాలి. మారుతి స్విఫ్ట్‌లోనే కింది రకాలకు 165/80 ఆర్14, పై రకాలకు 185/65 ఆర్15 వస్తుంది. మొదటిదానికి పక్కగోడ 132 మి.మీ. పైనా కిందా కలిపి 264. పద్నాలుగంగుళాల రిమ్ము 355.6. మొత్తం ఎత్తు 619.6 మి.మీ. రెండోదానికి ఇదే లెక్క వేస్తే 621.5 వస్తుంది. తేడా రెండు మిల్లీమీటర్లు. అందుకే రెండూ ఆ బండికి సరిపోతాయి. దానికి 195/65 ఆర్15 వేస్తే ఎత్తు 634.5 అవుతుంది, అంటే రెండు శాతం పైగా పెరిగింది. మీటరు 100 చూపిస్తుంటే బండి 102 మీద పోతుంటుంది. మూడు శాతం లోపు తేడా వరకు సాధారణంగా సర్దుకుంటుంది గానీ, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు మడ్‌గార్డ్ లోపల రాసుకుంటుందేమో చూడాలి. రిమ్ము వెడల్పు కూడా చూడాలి. 195/65 ఆర్15కి కనీసం అయిదున్నర అంగుళాల వెడల్పు రిమ్ము ఉండాలి. సన్న రిమ్ము మీద వెడల్పు టైరు బిగిస్తే నడిమి భాగం ఉబ్బి అక్కడే ముందు అరుగుతుంది.

ఇంకో గుర్తు తయారీ వారం. డీఓటీ అక్షరాల వరస చివర కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలుంటాయి. 3224 అంటే 2024లో 32వ వారం. ఆరేడు నెలల పాత టైరుకు భయం లేదు, నీడలో నిలవ ఉంచితే ఏడాదిదైనా ఫర్వాలేదు. షాపు ముందు ఎండలో బొమ్మల కొలువులా పేర్చిన టైర్లను మాత్రం వద్దనండి. ఎండ, గాలిలోని ఓజోన్ రబ్బరును పైనుంచి ఎండబెట్టేస్తాయి. వేసిన టైరుకు అయిదేళ్లు దాటితే ఏటా చూపించాలి. పదేళ్లయితే గ్రిప్పు నిండా ఉన్నా తీసెయ్యాలి. ఆదివారం గుడికి తప్ప బయటికి తియ్యని కార్లకు ఈ మాట మరీ వర్తిస్తుంది. వాటి టైర్లు అరగవు, పగుళ్లిస్తాయి.

ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరి. కార్లకు ఐఎస్ 15633, రెండు, మూడు చక్రాల బండ్లకు ఐఎస్ 15627, లారీలు, బస్సులకు ఐఎస్ 15636.

ఎండాకాలం గాలి తగ్గించాలా?

తగ్గించకూడదు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో టైర్లను పాడుచేస్తున్న సలహాల్లో ఇదే పెద్దది. ఎండకు గాలి వ్యాకోచించి టైరు పేలుతుంది కాబట్టి రెండు మూడు పాయింట్లు తగ్గించి పట్టమంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది, లెక్క మాత్రం తప్పు.

కారు టైరులో ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే గాలి ఒకటిన్నర పాయింటు దాకా పెరుగుతుంది. ఉదయం 30 డిగ్రీలప్పుడు 32 పాయింట్లు పట్టించారు. మధ్యాహ్నం హైవే మీద నడిచి లోపలి గాలి 60 డిగ్రీలకు చేరితే 36, 37 దగ్గర చూపిస్తుంది. కంపెనీ 32 అని రాసినప్పుడే ఈ పెరుగుదలను లెక్కలోకి తీసుకుంది. మంచి టైరు ఇంతకు చాలా రెట్లు ఒత్తిడి తట్టుకుంటుంది. మీరు దారిలో ఆపి, వేడి మీద గాలి తీయించి 32కి తెచ్చారనుకోండి, మర్నాడు పొద్దున చల్లారాక అందులో 28 కూడా ఉండదు.

అలా గాలి తగ్గిన టైరు పక్కగోడ బరువుకు ఎక్కువ వంగుతుంది. సుమారు 620 మి.మీ. ఎత్తున్న టైరు గంటకు 100 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 14 సార్లు తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ పక్కగోడలో ప్రతి భాగం ఒకసారి వంగి లేస్తుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతుంటే వంపు దగ్గర వేడెక్కినట్టే ఇక్కడా జరుగుతుంది. ఆ వేడంతా ఉక్కు బెల్టు అంచుల దగ్గర పోగవుతుంది. అక్కడ రబ్బరుకు, ఉక్కుకు మధ్య అతుకు వదులవుతుంది. మొదట స్టీరింగ్‌లో చిన్న వణుకు, తర్వాత టైరు మీద బుగ్గ, ఆ తర్వాత పైపట్టా ఊడిరావడమో, టైరు పేలడమో. ఎండకు పేలిందంటాం గానీ, ఎండ కలిసొచ్చింది మాత్రమే. తక్కువ గాలి, ఎక్కువ లోడు, ముదిరిన రబ్బరు, ఎక్కువ వేగం, వీటిలో కనీసం రెండు ముందే అందులో ఉంటాయి. పల్నాడులో రెంటచింతల ఎండ సంగతి రాష్ట్రమంతటికీ తెలుసు. అలాంటి చోట తారు రోడ్డు గాలి కన్నా చాలా ఎక్కువగా కాలిపోతుంటుంది, అంటే టైరు తన వేడిని వదిలించుకోవడానికి చోటే దొరకదు. కాబట్టి లోపల పుట్టే వేడిని తగ్గించుకోవడమే మన చేతిలో ఉన్న పని.

ఎంత గాలి అన్నది డ్రైవర్ తలుపు తీస్తే స్తంభం మీద, కొన్నిటికి పెట్రోల్ మూత లోపల, స్టిక్కర్ మీద ఉంటుంది. ఇద్దరు ముగ్గురికి ఒక అంకె, నిండా మనుషులు, సామానుకు ఇంకో అంకె ఇస్తారు. పెళ్లికో, తిరుపతికో నిండుగా బయల్దేరేటప్పుడు రెండో అంకె పట్టించాలి. టైరు పక్కగోడ మీద ఉండే గరిష్ఠ ఒత్తిడి అంకె మాత్రం పట్టించడానికి కాదు. టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి, అంటే బండి కనీసం మూడు గంటలు ఆగి ఉండాలి, లేదా రెండు మూడు కిలోమీటర్లకు మించి నడిచి ఉండకూడదు. పదిహేను రోజులకోసారి చాలు. బంకుల్లో గేజీలు రెండు మూడు పాయింట్లు తేడా చూపించడం మామూలే కాబట్టి సొంత గేజీ ఒకటి డ్యాష్‌బోర్డులో పడేసుకోండి.

నైట్రోజన్ గురించి ఒక్క మాట. మామూలు గాలిలోనే 78 శాతం అదే. నైట్రోజన్ పట్టిస్తే తేమ ఉండదు, గాలి కొంచెం నిదానంగా తగ్గుతుంది, అంతే. దారిలో నైట్రోజన్ దొరక్కపోతే మామూలు గాలి కలపొచ్చు. నైట్రోజన్ కోసమని తక్కువ గాలితో నడపడమే ప్రమాదం.

దూరం వెళ్లేటప్పుడు ఆగిన చోటల్లా నాలుగు టైర్ల దగ్గరా అరచేతి వెనకభాగం పెట్టి చూడండి. మూడు ఒకలా ఉండి నాలుగోది ఎక్కువ కాలుతుంటే దానిలో గాలి తగ్గి ఉండాలి, లేదా ఆ చక్రానికి బ్రేకు పట్టేసి ఉండాలి.

వాన, నీళ్లు, నల్లరేగడి

కొత్త కారు టైరు గాడి లోతు సుమారు 8 మి.మీ. గాడుల అడుగున అక్కడక్కడ చిన్న దిమ్మెలుంటాయి, వాటి ఎత్తు 1.6 మి.మీ. పైపట్టా అరిగి ఆ దిమ్మెలతో సమానమైతే టైరు అయిపోయినట్టే. ఇది చట్టం చెప్పే హద్దు. వాన నీటికి అంతకన్నా ముందే టైరు లొంగిపోతుంది. 3 మి.మీ. దగ్గరికొస్తే జూన్ లోపే మార్చెయ్యడం మేలు, పొడి రోడ్డు మీద ఇంకో అయిదారు వేల కిలోమీటర్లు లాగేలా కనిపించినా సరే.

నీళ్లు నిలిచిన రోడ్డు మీద వేగం పెరిగితే గాడులు నీటిని పక్కకు తోసెయ్యలేని క్షణం వస్తుంది. అప్పుడు టైరు నీటి మీద తేలుతుంది, స్టీరింగ్ తిప్పినా బండి వినదు. అది ఎప్పుడు మొదలవుతుందో చెప్పే పాత ఇంజినీరింగ్ సూత్రం ఒకటి గాలి ఒత్తిడి మీదే ఆధారపడుతుంది. గాడుల లోతును మించి నీళ్లున్నప్పుడు 32 పాయింట్లున్న టైరు దాదాపు 94 కిలోమీటర్ల వేగం దగ్గర, 25 పాయింట్లున్నది 83 దగ్గర తేలుతుంది. ఇవి అంచనా అంకెలు. గుండుగా అరిగిన టైరు పల్చటి నీటి మీద కూడా తేలుతుంది, వెడల్పు టైరు సన్న టైరు కన్నా ముందు తేలుతుంది. అలా తేలినట్టు అనిపిస్తే యాక్సిలరేటర్ వదిలెయ్యాలి, స్టీరింగ్ నిటారుగా పట్టుకోవాలి. బ్రేకు మీద నిలబడకూడదు.

రెండే కొత్త టైర్లు కొంటే అవి వెనక వెయ్యాలి. ఇంజిన్ ముందుంది, స్టీరింగ్ ముందుంది కాబట్టి కొత్తవి ముందే వెయ్యాలని షాపువాళ్లే వాదిస్తారు. ముందు టైర్లు జారితే బండి నేరుగా పోతుంది, యాక్సిలరేటర్ వదిలితే మళ్లీ పట్టుకుంటుంది. వెనక టైర్లు జారితే బండి బొంగరంలా తిరుగుతుంది, దాన్ని సర్దుకోవడం మామూలు డ్రైవరు వల్ల కాదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు బండ్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. అలా నానిన బండికి టైరు పైకి బాగానే కనిపిస్తుంది. ఎక్కడైనా లోతైన కోత ఉంటే నీరు లోపలి ఉక్కు బెల్టును చేరి తుప్పు పట్టిస్తుంది, నెలల తర్వాత బుగ్గ లేస్తుంది. చక్రాలు విప్పి లోపలి అంచు కూడా చూడాలి, బేరింగులు, బ్రేకులు కూడా ఆ చేత్తోనే చూపించాలి.

ఎస్‌యూవీ ఉన్నవాళ్లకు మూడు రకాలు వినిపిస్తాయి. హెచ్‌టీ తారు రోడ్డుది, ఏటీ రోడ్డుకూ మట్టికీ, ఎంటీ బురదది. విజయవాడ, గుంటూరు, ఎప్పుడన్నా ఊరికి, ఇదే తిరుగుడైతే హెచ్‌టీ చాలు. అందం కోసం ఏటీ వేస్తే మోత పెరుగుతుంది, మైలేజీ తగ్గుతుంది, తడిసిన తారు మీద బ్రేకు కూడా అంత తొందరగా పట్టదు. రోజూ పొలం దారుల్లో తిరిగేవాళ్లకు ఏటీ న్యాయం చేస్తుంది. అయితే తడిసిన నల్లరేగడిలో ఒక తిరకాసు ఉంది. ఆ మట్టి బంకలా గాడుల్లో పట్టేసి, నాలుగు తిరుగుళ్లలో ఏ టైరునైనా గుండు చేసేస్తుంది. గాడులు బాగా ఎడంగా ఉన్న టైరే తిరిగేటప్పుడు మట్టిని విదిలించుకోగలదు. లేదంటే ఆ గంటసేపు బండి గట్టు మీద ఆపి నడిచి వెళ్లడమే మంచి ఉపాయం.

స్కూటరు, బైకు

స్కూటరు టైరు తొందరగా అరుగుతుందని అందరూ అంటారు. అందులో కంపెనీ తప్పేమీ లేదు. 90/100-10 టైరు చుట్టుకొలత 1.36 మీటర్లు, వంద సీసీ బైకు 80/100-18 చుట్టుకొలత 1.94 మీటర్లు. కిలోమీటరుకు బైకు చక్రం దాదాపు 515 సార్లు తిరిగితే స్కూటరు చక్రం 730 సార్లకు పైగా తిరుగుతుంది. చిన్న రిమ్ము గుంతలో లోతుగా దిగుతుంది కూడా. అందుకే స్కూటరుకు గాలి లెక్క ఇంకా ముఖ్యం. 110 సీసీ స్కూటర్లకు ముందు 22, వెనక ఒక్కరైతే 29, ఇద్దరైతే 36 పాయింట్లు అన్నది తరచు కనిపించే లెక్క. మీ బండి పుస్తకంలో చూసుకోండి. భార్యాభర్తలు, మధ్యలో పిల్లాడు, కాళ్ల దగ్గర గ్యాస్ బండ, ఇంతమందిని 25 పాయింట్ల మీద లాగితే వెనక టైరు అంచులు ఎందుకు అరిగాయని అడగనక్కర్లేదు.

బైకుకు లావు టైరు మోజు గురించి చెప్పాలి. సన్న రిమ్ముకు లావు టైరు ఎక్కిస్తే రెండు పక్కలా నొక్కుకుపోయి గుండ్రనిదనం మారుతుంది. మలుపులో బండి మొరాయిస్తుంది, చైన్ కవరుకు రాసుకుంటుంది, మైలేజీ పడుతుంది. స్పోక్ రిమ్ములకు చాలావరకు ట్యూబు తప్పదు, స్పోక్ నిపుల్స్ సందుల్లోంచి గాలి పోతుంది. అల్లాయ్ చక్రానికి ట్యూబ్‌లెస్ వేసి, పంచర్లకు విసిగి లోపల ట్యూబు పెట్టించడం మాత్రం వద్దు. ట్యూబ్‌లెస్‌లో మేకు దిగినా గాలి నిదానంగా పోతుంది, ట్యూబు అయితే ఒక్కసారిగా పోతుంది.

ముందు టైరు అరగదు కదా అని వెనకది మూడుసార్లు మార్చి ముందుది అలాగే ఉంచేస్తారు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకే వస్తుంది. ముందు టైరు గట్టిపడి జారితే కాలు ఆనించే సమయం కూడా దొరకదు. కొన్ని టైర్ల మీద ముందు చక్రానికి ఒక బాణం, వెనక చక్రానికి దానికి ఎదురు బాణం ఉంటాయి, బిగించేవాళ్లు తరచు ఒక్కటే చూస్తారు. కొత్త టైరుకు తయారీలో అంటిన జిడ్డు ఉంటుంది. మొదటి వంద, నూటయాభై కిలోమీటర్లు మలుపుల్లో, తడి రోడ్డు మీద నెమ్మది.

ఆటో, చిన్న ట్రక్కు, లారీ

ఆటోలకు 4.00-8 టైరు, నాలుగు లేదా ఆరు పీఆర్. పీఆర్ (ప్లై రేటింగ్) అంటే బలం కొలత, లోపల సరిగ్గా అన్నే పొరలు ఉన్నాయని కాదు. మిర్చి కోతల కాలంలో పది పన్నెండు మంది కూలీలను ఎక్కించుకునే ఆటోకు ఏ పీఆర్ అయినా చాలదు, అది టైరుతో తీరే సమస్య కాదు. ముందు చక్రం ఒక్కటే కాబట్టి అక్కడ రీబటన్ టైరు (అరిగినదానికి కొత్త పట్టా అంటించినది), సెకండ్‌హ్యాండ్ టైరు పెట్టకూడదు.

చిన్న ట్రక్కుల్లో ఒక ఉచ్చు ఉంది. టాటా ఏస్ లాంటి బండికి 145 ఆర్12 ఎల్‌టీ 8పీఆర్ వస్తుంది. పాత ఆల్టో కారుది 145/80 ఆర్12. రిమ్ము 12 అంగుళాలే, వెడల్పు 145ఏ, చూడటానికి ఒకలాగే ఉంటాయి. కారు టైరు లోడ్ ఇండెక్స్ 74 అయితే ఒక్కోటి మోసేది 375 కేజీలు, నాలుగూ కలిపి టన్నున్నర. బండి, సరుకు కలిపి ఆ హద్దు దగ్గరికో, పైకో చేరుతుంది, అందులో సగానికి పైగా వెనక రెండు టైర్ల మీదే ఉంటుంది. ఎల్‌టీ (లైట్ ట్రక్) అన్న రెండక్షరాలు, పీఆర్ అంకె చూడకుండా ఈ బండికి టైరు కొనొద్దు.

లారీల్లో ప్రశ్న నైలానా, రేడియలా అన్నది. నైలాన్ అంటే లోపలి దారాలు ఏటవాలుగా ఒకదాని మీదొకటి పరిచిన పాత రకం. దానికి పక్కగోడ గట్టి, కోతలకు ఓరుస్తుంది, ధర తక్కువ, వేడెక్కడం ఎక్కువ. రేడియల్ చల్లగా నడుస్తుంది, డీజిలు తక్కువ తాగుతుంది, ఎక్కువ కిలోమీటర్లు వస్తుంది, పక్కగోడకు మాత్రం రాయి తగలకూడదు. ఇసుక రేవుల్లో, క్వారీల్లో తిరిగే టిప్పరుకు నైలానో, కోతలను తట్టుకునే గనుల రకం రేడియలో సరిపోతుంది. గుంటూరు యార్డు నుంచి మిర్చి టిక్కీలు (బస్తాలు) వేసుకుని దూర రాష్ట్రాలకు పోయే లారీకి రేడియల్ తప్ప రెండో ఆలోచన అనవసరం. మిర్చి లోడు బరువు కన్నా ఎత్తు ఎక్కువ. మలుపులో ఊగే బండికి గాలి తగ్గిన పక్కగోడ తోడైతే బోల్తాకు దారి పడుతుంది. సిమెంటు లోడు దీనికి పూర్తిగా తిరగేసిన కథ, ఎత్తు తక్కువ, ఇరుసు మీద బరువు విపరీతం. 2018లో కేంద్రం నాలుగు టైర్ల ఇరుసు పరిమితిని 10.2 నుంచి 11.5 టన్నులకు పెంచింది. పాత లెక్కతో కొన్న టైరు ఆ కొత్త బరువు మొయ్యగలదా అన్నది లోడ్ ఇండెక్స్‌లో చూసుకోవాలి. లారీ టైరుకు 146/143 అని రెండు అంకెలుంటాయి, మొదటిది ఒంటిగా ఉన్నప్పటి మోత, రెండోది జోడుగా ఉన్నప్పటిది.

జోడు టైర్ల మధ్య ఎత్తు తేడా 6 మి.మీ. దాటకూడదు. దాటితే పెద్ద టైరు మొత్తం మోస్తుంది, చిన్నది రోడ్డు మీద ఈడ్చుకుపోతూ అరుగుతుంది. జోడులో లోపలి టైరుకు గాలి చూడటం కష్టం కాబట్టి చాలామంది వదిలేస్తారు. అది సగం ఖాళీ అయినా బండి నడుస్తూనే ఉంటుంది, పేలేది బయటిది. ఒకే ఇరుసు మీద నైలాన్, రేడియల్ కలపకూడదు. ముందు రేడియల్, వెనక నైలాన్ అసలే వద్దు.

రీబటన్ అంటే చులకన అక్కర్లేదు. లోపలి చట్రం మంచిదైతే దాన్ని గీకి, కుషన్ గమ్ పరిచి, ముందే అచ్చు వేసిన పట్టాను అంటించి ఛాంబర్‌లో ఉడికించే కోల్డ్ పద్ధతి నమ్మదగినదే. దాని చోటు వెనక ఇరుసు. పక్కగోడ దెబ్బతిన్నది, గాలి లేకుండా నడిపినది, దారాలు బయటపడేదాకా అరగదీసినది రీబటన్‌కు పనికిరాదు. అందుకే పూర్తిగా గుండయ్యేదాకా ఆగకుండా 3 మి.మీ. ఉండగానే దింపేవాళ్లకు లాభం. అరిగిన కారు టైరుకు వేడి కత్తితో గాడులు కోసి అమ్మే సరుకు మాత్రం వేరు, అది మోసం. గాడి అడుగున దిమ్మెలు లేకపోయినా, అంచులు చెక్కినట్టున్నా, పక్కగోడ తయారీ తేదీ గీకేసి ఉన్నా ముట్టుకోవద్దు.

ట్రాక్టరు: దుక్కికా, తోలకానికా?

పెద్ద టైరులో గాలి పరిమాణం ఎక్కువ, అందుకే తక్కువ ఒత్తిడితోనే బరువు మోస్తుంది. 13.6-28 లాంటి వెనక టైరుకు పొలంలో 12 నుంచి 14 పాయింట్లు చాలు. ఒత్తిడి తక్కువైతే నేలకు ఆనే మేర పెరుగుతుంది, నేల తక్కువ గట్టిపడుతుంది, జారడం తగ్గుతుంది. అదే గాలితో ట్రక్కు తగిలించి తారు రోడ్డెక్కితే పట్టీలు మెలికలు తిరిగి ముందు అంచులు అరిగిపోతాయి. తోలకానికి పుస్తకం చెప్పే పై అంకెకు, సాధారణంగా 18, 20 దాకా, గాలి పెంచాలి. పొద్దున పొలం, సాయంత్రం తోలకం చేసే బండికి ఈ పని విసుగే. ఏడాదిలో ఏ పని ఎక్కువో దానికి తగ్గ టైరు, గాలి ఎంచుకుని రెండో పనిలో కొంచెం నష్టం ఒప్పుకోవాలి.

డెల్టా దమ్ములో మామూలు పట్టీల టైరు బురదతో నిండిపోతుంది. లోతు పట్టీల ఆర్-2 రకం వరిపొలానికే చేశారు. దమ్ము చక్రాలు తగిలిస్తే టైరు మీద భారం తగ్గుతుంది, కానీ ఆ ఇనుప చక్రాలతో తారు రోడ్డు మీదికి రాకూడదు. ట్రాక్టరు జారుతుంటే టైరులో నీళ్లు నింపించొచ్చు, వాల్వ్‌ను పైకి ఉంచి, టైరులో నాలుగింట మూడొంతుల దాకా. పక్కగోడ మీది బాణం ముందుకు తిరిగే దిక్కుకే ఉండాలి. తిరగేసి బిగిస్తే పట్టీలు బురదను బయటికి నెట్టాల్సింది పోయి మధ్యకు పోగేసుకుంటాయి.

అరుగుదల ఏం చెబుతుంది

పాత టైరు దింపగానే పారెయ్యకుండా ఒకసారి తిప్పి చూడండి. నడిమి ఒక్కటే అరిగితే గాలి ఎక్కువ. రెండంచులూ అరిగితే గాలి తక్కువ, లేదా లోడు ఎక్కువ. ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్ పోయింది. చెయ్యి రాస్తే ఒకవైపు నున్నగా, ఎదురు వైపు రంపంలా తగిలితే టో లెక్క, అంటే చక్రాలు ముందువైపు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత, తప్పింది. అక్కడక్కడ గుంటలు పడితే షాకబ్జార్బర్లు, లేదా బేరింగు. ఈ కారణం సరిచెయ్యకుండా కొత్త టైరు వేస్తే అదే చోట మళ్లీ అరుగుతుంది. ఎనిమిది, పది వేల కిలోమీటర్లకు టైర్లు మార్చి తిప్పించుకుంటే నాలుగూ సమానంగా అరుగుతాయి. తిరిగే దిక్కు బాణమున్న టైర్లను ఒకే పక్కన ముందు వెనకలు మార్చాలి.

పంచరుకు బయటి నుంచి స్ట్రిప్ గుచ్చడం ఆ పూట ఇల్లు చేరడానికి. టైరు విప్పి లోపలి నుంచి పుట్టగొడుగు ఆకారపు ప్యాచ్ వేయించడం అసలు మరమ్మతు. రంధ్రం 6 మి.మీ. లోపు ఉండాలి, నడిమి పట్టాలో ఉండాలి. పక్కగోడకు మరమ్మతు లేదు, ఎవరు చేస్తానన్నా ఒప్పుకోవద్దు.

ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ బరువు వల్ల లోడ్ ఇండెక్స్ పెద్దది అడుగుతుంది, మోటారు లాగుడుకు టైరు తొందరగా అరుగుతుంది. అదే సైజు పెట్రోలు కారు టైరు వెయ్యకండి.

బిగించేటప్పుడు ట్యూబ్‌లెస్ వాల్వ్ కొత్తది వేయించాలి, దాని రబ్బరు కూడా టైరుతో పాటే ముదురుతుంది. చక్రం బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ అదే రోజు చేయించాలి. బిల్లు మీద బండి నంబరు, టైరు సీరియల్ నంబరు రాయించుకుంటే వారంటీ అడిగినప్పుడు వాదన ఉండదు. నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి, యాభై, వంద కిలోమీటర్ల తర్వాత మళ్లీ ఒకసారి పట్టి చూడాలి. టైరు ఒత్తిడి చూపించే వ్యవస్థ, పంచర్ కిట్ ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదని 2020లో నిబంధన సడలించారు, కాబట్టి కొత్త కారు కొన్నవాళ్లు డిక్కీ తీసి స్టెప్నీ ఉందో లేదో ముందే చూసుకోవాలి. ఉంటే దాని తయారీ వారం కూడా చూడండి, అది వాడకపోయినా ముదురుతుంది. గాలి మిగతావాటికన్నా మూడు నాలుగు పాయింట్లు ఎక్కువే పట్టించండి, నెలల తరబడి ఎవరూ చూడరు. అవసరమైతే తీసెయ్యడం తేలిక, రాత్రిపూట హైవే పక్కన నింపడం కష్టం. సన్న స్టెప్నీ అయితే దాని మీదే రాసి ఉంటుంది, 80 కిలోమీటర్ల వేగం దాటించకండి.